తాలింపుకు పూసిన మసి

ఇందులో ఒక మనిషి పేరు రాయను. మర్యాద కోసం అనుకునేరు, కాదు. రాస్తే ఆయన మనవలు చదివి, తాతగారి పేరు పుస్తకంలో పడిందని మురిసిపోతారు. ఆ మురిపెం వాళ్ళకు దక్కడం నాకిష్టం లేదు. ఆయనొక్కడి పేరే దాస్తే బాగుండదు కనక ఎవరి పేరూ రాయడం లేదు. ఆయన మా నాన్నకు అన్న. నేను పెదనాన్న అని పిలిచేదాన్ని. ఆ వరస మార్చుకోవడం నా చేతిలో లేదు.

మా తాతలు కూలికి ఓడెక్కి వచ్చిన దీవి ఇది. మాది బెల్ ఎయిర్ రివియేర్ సెష్ ఊరు దాటాక, చెరకు మడుల మధ్య ఉన్న ఎస్టేటు క్యాంపు. రాతి గోడలు, రేకు కప్పులు, ఒకే వరసలో అతుక్కుని ఉండే గదులు. ఒక గదిలో తుమ్మితే నాలుగో గదిలో "చిరంజీవ" అనేవాళ్ళు. మా వెనకాల లిజిన్ ఉండేది. చక్కెర ఫ్యాక్టరీని మేమంతా అలాగే అంటాం. జూన్ దాటాక లాకూప్ మొదలయ్యేది, అంటే చెరకు కోత. ఇక సంవత్సరం చివరిదాకా లిజిన్ పొగగొట్టం ఆగేది కాదు.

పొగ అంటే మామూలు పొగ కాదు. రసం పిండేశాక మిగిలే చెరకు పిప్పిని బగాస్ అంటాం. దాన్నే బాయిలర్ కింద కాల్చేవాళ్ళు. వాళ్ళ పాత పొయ్యిల్లో తడి బగాస్ సగం కాలేది, సగం నల్లటి పీచుగా గొట్టంలోంచి ఎగిరొచ్చేది. ఆగ్నేయపు గాలి దాన్ని తిన్నగా తెచ్చి మా నెత్తిన పోసేది. పెద్దదొర బంగళా గాలికి ఎగువన కట్టుకున్నారు. వాళ్ళ తెల్ల తెరలు తెల్లగానే ఉండేవి. మా ఇళ్ళలో మాత్రం అన్నం మీద మసి, పాల మీద మసి, ఆరేసిన బట్టల మీద మసి, పసిపిల్లల కళ్ళలో మసి. వెంకన్నకు మొక్కుకునే గోవింద నెలలో ఉపవాసాలుండి పసుపు బట్టలు కట్టుకున్న పెద్దవాళ్ళు సాయంత్రానికి బూడిద గుమ్మడికాయల్లా తయారయ్యేవాళ్ళు.

నాన్న నా చిన్నప్పుడే పోయాడు. అమ్మ చేలో కలుపు తీసేది. లాకూప్ మొదలైన కొన్నాళ్ళకు అమ్మకు దగ్గు పట్టుకునేది. కోత అయిపోయి గొట్టం చల్లారాక అదీ తగ్గేది. ఏటేటా ఇదే తంతు. ఏటేటా తగ్గడం కాస్త ఆలస్యమయ్యేది.

అమ్మకు ఒక్కటే గొప్ప, అది తాలింపు. పప్పులో వేసే తాలింపు అమ్మ చేతిలో పడితే పక్క వరసలోని వాళ్ళు కూడా కంచాలు కడుక్కునేవాళ్ళు. ఎండుమిరపకాయలు తుంచి, ఆవాలు చిటపటమన్నాక, కారిపులే రెబ్బలు వేసి, గరిట అలాగే పప్పు గిన్నెలో ముంచి మూత పెట్టేది. కారిపులే అంటే కరివేపాకే, మా దీవిలో దాని పేరు అలా తిరిగింది. ఆ చుయ్‌మన్న శబ్దం వింటే ఎంత అలిగి కూర్చున్నా నేను లేచి వచ్చేసేదాన్ని. విధవరాలు, చదువు లేదు, ఆస్తి లేదు. క్యాంపులో ఆడవాళ్ళు అమ్మకు ఇచ్చిన గౌరవమంతా ఆ గరిటకే ఇచ్చారు.

మసి మీద మొదట గొడవ పెట్టింది క్యాంపులోని తల్లులే. తర్వాత బడి పంతుళ్ళు కలిశారు, పిల్లలు కళ్ళు నులుముకుంటూ అక్షరాలు దిద్దలేకపోతున్నారని. బజారులో బట్టల కొట్టువాళ్ళు కూడా కలిశారు. అప్పట్లో ఎక్కడ చూసినా ఎన్నికలు, మీటింగులు, తెల్లదొరల రాజ్యం ఎన్నాళ్ళన్న మాటలు. జనానికి నోరు లేచిన కాలం. సాంత్ర్ ద ఫ్లాక్‌లోని జిల్లా ఆఫీసుకు ఫిర్యాదు వెళ్ళింది. అక్కణ్ణుంచి శానిటరీ ఇన్‌స్పెక్టరు వచ్చి, బెల్ ఎయిర్‌లో విలేజి హాల్లో అందరి మాటా వింటానన్నాడు. నాకప్పుడు పదిహేడేళ్ళు. సాయంత్రాలు గుడిలో పిల్లలకు తెలుగు అక్షరాలు చెప్పేదాన్ని. అమ్మను నేనే లాక్కెళ్ళాను. "నేనెందుకే, నాకు మాట్లాడ్డం రాదు" అంది. మాట్లాడక్కర్లేదు, నీ దగ్గు వినిపిస్తే చాలన్నాను. నా తెలివి అంత గొప్పది.

పెదనాన్న కూడా వచ్చాడు. విలేజి కౌన్సిల్ మెంబరు, మా గుడి కమిటీకి ప్రెసిడెంటు, ఎస్టేటుకు కూలీలను కుదిర్చే కాంట్రాక్టరు. క్యాంపు వదిలి రోడ్డు మీద ఇటుకల ఇల్లు కట్టుకున్నాడు. కొడుక్కు లిజిన్ ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం ఇస్తామని మాటిచ్చారని ఊరంతా తెలుసు. అయినా మనవాడు, గుడి పెద్ద, మన తరఫునే మాట్లాడతాడనుకున్నాం. ఇంటి దొంగను ఈశ్వరుడు కూడా పట్టలేడంటారు. మేమెంత!

ఆయన లేచాడు. సరిగ్గా అప్పుడే అమ్మకు దగ్గు తెర వచ్చింది. పెదనాన్న అమ్మ వైపు చెయ్యి చాపి, ఇన్‌స్పెక్టరుకు అర్థమయ్యేలా దీవిలో అందరూ మాట్లాడే క్రియోల్‌లో అన్నాడు:

"జోత్ ఫ్రి పిమాఁ, జోత్ తూసే!"

వీళ్ళు మిరపకాయలు వేయిస్తారు, వీళ్ళే దగ్గుతారు అని. అంతటితో ఆగలేదు. "నా మరదలే సార్, నాకు తెలీదా? పొద్దున లేస్తే తాలింపు, పొద్దుగూకితే తాలింపు. ఆ ఘాటు మనిషన్నవాడు తట్టుకోలేడు. పొయ్యి పొగ వాళ్ళది, పేరు లిజిన్‌ది!" అన్నాడు.

హాలంతా ఘొల్లుమంది. నవ్వినవాళ్ళలో మాతో పాటు ఫిర్యాదు మీద వేలిముద్ర వేసినవాళ్ళూ ఉన్నారు. ఇన్‌స్పెక్టరు కూడా పెదవి బిగబట్టుకున్నాడు. అమ్మ చెంగు నోట్లో కుక్కుకుని దగ్గు ఆపుకోబోయింది. దగ్గు ఆపుకుంటే ఆగుతుందా? అది ఇంకా పెద్దదై బయటికొచ్చింది. జనం ఇంకా పెద్దగా నవ్వారు.

ఆ నవ్వు నేను మర్చిపోలేదు. మసిపూసి మారేడుకాయ చేయడమంటారు, ఆయన మసిని చూపించి మిరపకాయ చేశాడు. వారం తిరక్కుండా ఆ మాట రోడ్డు మీద పిల్లల పాటైపోయింది. మా క్యాంపు ఆడవాళ్ళు బజారుకు వెళ్తుంటే వెనకాల "జోత్ ఫ్రి పిమాఁ, జోత్ తూసే" అంటూ తాళం వేసేవాళ్ళు.

అమ్మ ఆ రాత్రి నుంచి తాలింపు మానేసింది. ఎందుకమ్మా అంటే, "నాకు పా బిజేఁ, వద్దు. ఏమో, బావగారన్నదే నిజమేమో. పెద్దాయన ఊరికే అంటాడా?" అంది. నాకు ఒళ్ళు మండింది. మసి పడితే కడుక్కోవచ్చు. ఈ అనుమానం పడితే ఎలా కడుగుతాం? ఉప్పు, పసుపు వేసి ఉడకబెట్టిన పప్పు రోజూ కంచంలో పెట్టి నా ముందుకు తోసేది. గొట్టం ఆపించాలి, అది ఒకటి. రెండోది, నీ పొయ్యి వల్ల కాదమ్మా అని ఆ మనిషి నోటితోనే అమ్మకు చెప్పించాలి. అప్పుడే మా ఇంట్లో మళ్ళీ తాలింపు చుయ్‌మంటుంది. ఆ పప్పు మింగుతూ నేను పెట్టుకున్న పంతం అదే.

అవకాశం నేను తయారు చేసుకోలేదు. అమ్మోరే ఇచ్చింది.

ఆ లాకూప్ మధ్యలో క్యాంపులో పిల్లలకు చిన్నమ్మోరు పోసింది, ఒంటి నిండా పొక్కులు. మాలో అమ్మోరు ఇంట్లో ఉన్నన్నాళ్ళు తాలింపు వెయ్యరు. ఆమెకు చలవ కావాలి. ఘాటు తగిలితే కోపగించుకుంటుంది. మామూలుగా ఒక ఇంటికే ఆ నియమం. కాని మా గోడలన్నీ ఒకదానికొకటి అతుక్కున్నవి కదా, ఒక గదిలో వేస్తే వరసంతా వేసినట్టే. అందుకని గుడి పూజారి క్యాంపు మొత్తానికీ తాలింపు వద్దన్నాడు. ఆమెకు అంబలి పోసే పొద్దుటిపూట పొయ్యే ముట్టించొద్దన్నాడు. ప్రతి గుమ్మానికీ వేపమండలు వేలాడాయి. అందరం చద్దన్నం, మజ్జిగ.

మసి మాత్రం పడుతూనే ఉంది. దగ్గులూ ఆగలేదు.

నేను పూజారి దగ్గరికి పరిగెత్తాను. "అంబలి పొద్దు ఎప్పుడు?" అని అడిగి, ఆ పొద్దునే రమ్మని ఇన్‌స్పెక్టరుకు కబురు పెట్టించాను. ఫ్లాక్‌లో మా బడి పంతులు ఆయన్ను కలిసి, "వచ్చి ఆ తాలింపు ఘాటేదో మీరే చూడండి, మీ అనుమానం తీరిపోతుంది" అన్నాడట. ఇన్‌స్పెక్టరు న్యాయంగా ఉండాలని పెదనాన్నను కూడా వెంట రమ్మన్నాడు. ఆయన ఎగిరి గంతేశాడు. గుడికి ప్రెసిడెంటు, అమ్మోరి పండగలో ముందు నడిచేవాడు, క్యాంపులో అమ్మోరు ఉందన్న సంగతే ఆయనకు తెలీదు! పూజారి మనిషిని పంపితే, ఎస్టేటు దొరతో మాట్లాడుతున్నాను తర్వాత రమ్మని తిప్పి పంపాడు. ఇటుకల ఇంట్లో ఉన్నవాడికి క్యాంపులో ఏ తల్లి కాలు పెట్టిందో ఎలా తెలుస్తుంది?

పొద్దున్నే ఇద్దరూ వచ్చారు. పెదనాన్న ముందు నడుస్తున్నాడు, వంటిళ్ళలో దొంగను పట్టబోయే పోలీసులాగా. "రండి సార్, వాసనే చెబుతుంది" అంటున్నాడు. మొదటి గుమ్మం దగ్గర వేపమండ ఆయన మొహానికి తగిలింది. ఆగాడు. రెండో గుమ్మం చూశాడు, మూడోది చూశాడు. ఆయన మొహంలో రక్తం దిగిపోవడం నేను నా కళ్ళతో చూశాను. నా జీవితంలో అంత బాగున్న దృశ్యాలు ఎక్కువ లేవు.

ఇన్‌స్పెక్టరు ఒక్కొక్క పొయ్యి దగ్గర వంగి బూడిదలో చెయ్యి పెట్టాడు. అన్నీ చల్లగా ఉన్నాయి. "కోత్ దిఫే?" అన్నాడు, నిప్పేదీ అని. నేను పెదనాన్న వైపు తిరిగి, అందరికీ వినపడేలా అడిగాను:

"పెదనాన్నా, అమ్మోరు ఉన్న ఇంట్లో తాలింపు వేస్తారా? మీరు గుడి పెద్ద కదా, సారుకు చెప్పండి."

ఆయన "వెయ్యరు" అన్నాడు. ఆ ఒక్క మాట లాగడానికి గొంతులోంచి దబ్బనం తీసినంత కష్టపడ్డాడు.

వరస చివర తీగ మీద నేను ముందు రోజు ఉతికిన తెల్ల దుప్పటి ఆరేసి ఉంది. మేం చూస్తుండగానే దాని మీద నల్లటి పీచు వాలుతోంది. అమ్మ గుమ్మంలో నిలబడి దగ్గుతోంది. ఇన్‌స్పెక్టరు దుప్పటి మీద వేలు రాసి, వేలు చూసుకుని, తలెత్తి గొట్టం వైపు చూశాడు. తర్వాత అమ్మ వైపు చూసి టోపీ తీశాడు. పెదనాన్న అప్పటికే రోడ్డెక్కాడు. అమ్మతో ఒక్క మాట అనలేదు.

అంతటితో గొట్టం ఆగిపోయిందనుకుంటే పొరపాటు. ఎస్టేటువాళ్ళు చూద్దామన్నారు, చేద్దామన్నారు. మేమూ ఊరుకోలేదు. ఫ్లాక్‌లో సంత జరిగే రోజున క్యాంపు ఆడవాళ్ళమంతా మసి పడ్డ దుప్పట్లు, పిల్లల యూనిఫాములు, గోవింద నెల పసుపు పంచెలు మోసుకెళ్ళి ఆఫీసు కటకటాలకు వరసగా కట్టేశాం. సంతకొచ్చిన వాళ్ళంతా ఆగి చూశారు. పక్క ఎస్టేటుల ఆడవాళ్ళు మరుసటి సంతకు వాళ్ళ దుప్పట్లూ తెచ్చారు. పేపర్లవాళ్ళు రాశారు. ఓట్లు అడగడానికి వచ్చిన వాళ్ళను ముందు మసి సంగతి చెప్పమని పట్టుకున్నాం. అప్పటిదాకా మా దగ్గు మా ఇంటి గోల. అప్పటినుంచి అది జిల్లా గోల అయింది.

ఆ కోత అయ్యాక లిజిన్‌లో పాత పొయ్యిలు పీకేశారు. కొత్త బాయిలర్ వచ్చింది, బగాస్ పూర్తిగా కాలేది. గొట్టంలో మసిని నీళ్ళతో కడిగే ఏర్పాటు కూడా పెట్టారు. కొత్త పొయ్యిలో అంత బగాస్ అక్కర్లేకపోయింది, పిప్పి గుట్టలుగా మిగిలింది. మిగిలినదాన్ని ఏం చేయాలి? దాంతోనే కరెంటు తీసి ఊళ్ళ లైన్లకు అమ్మడం మొదలుపెట్టారు. ఉత్తరాన కొన్ని లిజిన్లు అప్పటికే అలా చేస్తున్నాయని విన్నాం. మేం మసి ఆపమన్నాం, వాళ్ళు దీపాలు అమ్ముకున్నారు. అమ్ముకోనీ. డీజిల్‌తో కాకుండా మన చెరకు పిప్పితోనే దీపం వెలిగిందంటే నాకు సంతోషమే. ఆ సంతోషంలో దొరకు వాటా ఇవ్వమంటేనే ఒప్పుకోను.

ప్రారంభోత్సవం జరిగింది. పెద్దదొర తన ముందుచూపు గురించి తానే మాట్లాడుకున్నాడు. ఆయన మెడలో దండ వేసింది ఎవరనుకున్నారు? మా పెదనాన్నే. "దొరగారి దయ వల్ల మన పిల్లలు శుభ్రమైన గాలి పీలుస్తున్నారు" అన్నాడు. దుప్పట్ల మాట లేదు, అమ్మ మాట లేదు. కొడుకు ఆఫీసు కోటు వేసుకుని రెండో వరసలో కూర్చున్నాడు. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు పట్టుకునేవాళ్ళు ఉంటారని తెలుసు. ఈయన ఒకే మనిషి కాళ్ళు రెండుసార్లు పట్టుకున్నాడు.

ఇంటికొచ్చాక అమ్మను అడిగాను, "గాలి బాగుపడింది కదా, ఇప్పుడైనా తాలింపు వేస్తావా?" అమ్మ పప్పు గిన్నె దించుతూ, "బావగారు ఇంకా ఏమీ అనలేదుగా" అంది. లాకూప్‌లో దగ్గు తగ్గింది కాని పూర్తిగా పోలేదు. లోపలికి దిగిన మసిని ఏ నీళ్ళూ కడగలేదు.

అప్పుడు మొదలుపెట్టాను నా వడ్డన.

గుడిలో రామభజనకైనా, అమ్మోరి పండగకైనా వంట ఆడవాళ్ళదే. పంక్తిలో పప్పు వడ్డించే పని నేను అడిగి తీసుకున్నాను. అందరికీ పెద్ద గిన్నెలోంచి, ఘుమఘుమలాడే పప్పు. పెదనాన్న విస్తరి దగ్గరికి వచ్చేసరికి ఎడమచేతిలో చిన్న గిన్నె. అందులో తాలింపు వెయ్యని పప్పు. మొదటిసారి నోట్లో పెట్టుకుని తలెత్తి చూశాడు.

"ఏమిటే ఇది?"

"మీరే అన్నారు కదా పెదనాన్నా, తాలింపుకు దగ్గొస్తుందని. పెద్దవారు, మీ ఆరోగ్యం చూసుకోవద్దూ?"

పక్క విస్తర్లవాళ్ళు కిందికి చూస్తూ నవ్వుకున్నారు. తాలింపు లేని పప్పు ఎక్కడ వడ్డిస్తారో అందరికీ తెలుసు, అమ్మోరు దిగి వెళ్ళని ఇంట్లో. మింగలేడు, కక్కలేడు. ఏమని ఫిర్యాదు చేస్తాడు, ఎవరికి చేస్తాడు? నేను లేని రోజున కూడా మిగతా ఆడవాళ్ళు ఆ చిన్న గిన్నె మర్చిపోలేదు. పెళ్ళిళ్ళలో అదే, నామకరణాల్లో అదే. స్వాతంత్ర్యం వచ్చిన రోజున గుడి ముందు కొత్త జెండా ఎగిరింది, క్యాంపుకు కూడా కరెంటు దీపాలు వచ్చాయి, పాయసం పంచాం. ఆయనకు మాత్రం అదే గిన్నె. ఆయన మీద జాలి పడ్డవాళ్ళుంటే పడ్డారు. నేను పడలేదు. ఒక్క మాట చెబితే ఆ గిన్నె బోర్లించేసేదాన్ని. అది ఆయనకు తెలుసు. చెప్పలేదు.

ఆ ఏడాదిలోనే పెద్దమ్మ పోయింది. కొడుకు క్యూర్పిప్ పట్నంలో ఇల్లు తీసుకుని వెళ్ళిపోయాడు. ఇటుకల ఇంట్లో ఆయనొక్కడే. ఒక మధ్యాహ్నం మా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకుని ఉన్నాడు. అమ్మ అప్పటికి పని మానేసింది, నాలుగడుగులు వేస్తే ఆయాసం. మంచం మీద లేచి కూర్చుని చెంగు సర్దుకుంది.

"ఏం బావగారూ, ఇలా వచ్చారు?"

"ఆకలేస్తోంది మరదలా" అన్నాడు. నా వైపు చూడకుండా, "తాలింపు వేసిన పప్పు తిని ఎన్నేళ్ళయిందో" అన్నాడు.

నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఇదే గడియ అనుకున్నాను. "ముందు ఆ మాట చెప్పండి పెదనాన్నా. అమ్మకు చెప్పండి. తర్వాత పెడతాను" అన్నాను. ఆయన గోడకేసి చూశాడు.

"అమ్మాయ్, ఊరుకో" అంది అమ్మ. "తాలింపు వెయ్యి."

"వెయ్యను."

నేను వెయ్యలేదు. అమ్మే లేచింది. గోడ పట్టుకుని పొయ్యి దగ్గరికి నడిచింది. ఇన్నేళ్ళుగా నాకోసం ఒక్కసారి వెయ్యని మనిషి, నూనె పెట్టి, మిరపకాయలు తుంచి వేసింది. ఆవాలు చిటపటమన్నాయి. కారిపులే లేదు, నన్నడిగితే తేనని తెలిసి అడగలేదు. చుయ్‌మంది. ఆ వాసన గదంతా నిండింది. నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. అవి ఘాటుకు వచ్చినవి కావని రాయడానికి నాకు సిగ్గు లేదు. అమ్మకు దగ్గు తెర వచ్చింది. గోడకు ఆనుకుని, మెడ నరాలు తేలేలా దగ్గింది. ఒక చేత్తో గుండె పట్టుకుని, రెండో చేత్తో ఆయన కంచంలో పప్పు పోసింది.

ఆయన తిన్నాడు. దగ్గు విన్నాడు, తిన్నాడు. తల ఎత్తలేదు. రెండోసారి పోయించుకున్నాడు. అమ్మ ఎదురుగా పీట మీద కూర్చుని ఆయన మొహం వైపే చూస్తోంది. ఎన్నేళ్ళ నుంచి ఎదురుచూస్తోందో ఆ మాట ఇప్పుడైనా వస్తుందని, నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. కంచం ఊడ్చుకుని, వేళ్ళు నాక్కుని, ఆయన తలెత్తాడు.

"ఇంకో మిరపకాయ పడాల్సింది మరదలా" అన్నాడు.